మేమా? మనమా? — ‘హమ్ లోగ్’ కర్త మనోహర్ శ్యామ్ జోషీ

హిందీలో ‘హమ్ లోగ్’ అను మాటకు తెలుగున ఒక్క పదముతో అర్థము చెప్పుట సాధ్యము కాదు. వినువానిని వెలుపల నుంచి పలికినచో అది ‘మేము’. వినువానిని గూడ కలుపుకొని పలికినచో అది ‘మనము’. ఈ భేదము సంస్కృతమున లేదు, ఇంగ్లీషున లేదు, హిందీయందును లేదు. మన పల్లెలలో అక్షరజ్ఞానము లేని పాలేరు సయితము దీనిని ఎన్నడును తప్పడు. ‘మా పొలము’ అన్నచో గట్టు అడ్డము వచ్చును. ‘మన చెఱువు’ అన్నచో ఊరంతయు అందు చేరును. ప్రభుత్వము ప్రజలతో మాటలాడునప్పుడు గాని, రచయిత పాఠకులతో మాటలాడునప్పుడు గాని ఈ రెంటిలో ఏ మాట పలుకుచున్నారో ముందుగ తెలిసికొనవలెను.

1984 జులై 7వ తేదీన దూరదర్శన్ ‘హమ్ లోగ్’ అను పేరుతో ఒక ధారావాహిక నాటకమును ప్రసారము చేయ నారంభించెను. 1985 డిసెంబరు వఱకు, నూటయేబదికి పైగా భాగములుగ అది నడచినది. ప్రతి భాగము చివర వృద్ధనటుడు అశోక్ కుమార్ ప్రేక్షకుల యెదుటికి వచ్చి, ఆనాటి కథలోని మంచిచెడ్డలను ముచ్చటించి సెలవు తీసికొనుచుండెను. ఒక్కొక్కప్పుడు ఆ నాటకము పేరును దేశములోని వేర్వేరు భాషలలో పలికి ముగించుచుండెను. అది విన్న తెలుగువానికి సహజముగ కలుగు సందేహ మొక్కటి కలదు. ఇది ఢిల్లీవారు తమలో తాము పలుకుకొను ‘మేము’ అగునా, దేశమంతయు పలుకదగిన ‘మనము’ అగునా?

ఆ నాటకమును వ్రాసినవారు మనోహర్ శ్యామ్ జోషీగారు. భారతదేశమున టెలివిజను ధారావాహికకు మార్గదర్శియైన రచయిత ఎవరని యడిగినచో చెప్పవలసిన పేరు వారిదే. 2006 మార్చి 30న వారు ఢిల్లీలో దివంగతులైరి. అప్పటికే వారు నాటిన తీగ దేశమంతట అల్లుకొని, నాటినవాని పేరును మఱపించి యుండెను. నేడు దీపములు పెట్టిన వేళ మొదలు భోజనములు ముగియు వఱకు తెలుగు నాట ఎన్ని యిండ్లలోనో ధారావాహికలే నడచుచున్నవి. వానిని చూచువారు కలరు, నిందించువారు కలరు. చూచుచునే నిందించువారు అంతకంటె ఎక్కువగ కలరు. ఈ పదార్థము ఎక్కడ పుట్టినది, ఎవరు పుట్టించిరి, ఎందులకై పుట్టించిరి అని విచారించువారు మాత్రము అరుదు. ఆ విచారమును నేడు మేము తలపెట్టితిమి.

జోషీగారు 1933 ఆగస్టు 9న అజ్మీరులో జన్మించిరి. వారి కుటుంబము హిమాలయ ప్రాంతమున కుమావూ సీమలోని అల్మోరాకు చెందినది. లక్నో విశ్వవిద్యాలయమున వారు విజ్ఞానశాస్త్రము చదివిరి. ఆ నగరముననే అమృత్‌లాల్ నాగర్ వంటి పెద్ద నవలాకారుల సాంగత్యము లభించి, చేతికి కలము వచ్చినది. కడుపుకొఱకు పలు కొలువులు చేసిరి. పాఠములు చెప్పిరి, ఆకాశవాణిలో పనిచేసిరి, బొంబాయి ఫిల్మ్స్ డివిజనులో పనిచేసిరి, ఆపైన ‘దినమాన్’ వారపత్రికలో చేరిరి. 1967 నుండి చాల యేండ్లు ‘సాప్తాహిక్ హిందుస్తాన్’ వారపత్రికకు సంపాదకులుగ నుండిరి. వారి నవల ‘కురు కురు స్వాహా’ 1980లో వెలువడునప్పటికి వారికి నలుబదియాఱేండ్లు దాటినవి. 1982లో ‘కసప్’ వచ్చినది. అది కుమావూ సీమ మాట. ‘ఏమో, ఎవరికి తెలియును’ అని దాని భావము.

పరికించి చూచినచో ఈ కొలువులన్నియు ఒక్క పనికై చేయించిన శిక్షణవలె నున్నవి. రేడియో వారికి చెవిని నేర్పినది; ఏ మాట నోట పలుకును, ఏ మాట కాగితముమీదనే చచ్చును అనునది అక్కడ తెలియును. ఫిల్ముల కొలువు కంటిని నేర్పినది. వారపత్రిక అన్నిటికంటె కష్టమైన విద్యను నేర్పినది. పాఠకుడు తరువాతి వారమునకై ఏల ఎదురుచూచును? 1960, 1970 దశకములలో తెలుగు వారపత్రికలలో ధారావాహిక నవలలు వచ్చుచున్నప్పుడు, తపాలా బంట్రోతు రాకకై మన యిండ్లలో స్త్రీలు గుమ్మమున నిలిచిన సంగతి పెద్దలకు జ్ఞప్తియందుండును. ఆ నిరీక్షణమే ఈ కళకు ప్రాణము. దానిని ఎఱిగిన సంపాదకుడు టెలివిజనుకు రచయిత యగుట కాకతాళీయము కాదు.

ఇక ధారావాహిక వంశక్రమమును గూర్చి కొంత చెప్పవలెను. అమెరికాలో రేడియో క్రొత్తగ వ్యాపించుచున్న దినములలో, 1930లో, చికాగో నగరమున ఐర్నా ఫిలిప్స్ అను మాజీ ఉపాధ్యాయిని ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అను గృహగాథను వ్రాయ నారంభించెను. పగటివేళ ఇంటిపనిలో నున్న స్త్రీలు వినునట్టి ఇట్టి కథలకు ధనమిచ్చినవారిలో సబ్బుల కంపెనీలవారు ముఖ్యులు. అందుచేతనే వీనికి ‘సోప్ ఒపెరా’, అనగా సబ్బు నాటకము, అను ఎగతాళిపేరు వచ్చినది. ఆమె సృష్టించిన ‘ది గైడింగ్ లైట్’ 1937లో రేడియోలో మొదలై, 1952లో టెలివిజనుకు ఎక్కి, 2009 వఱకు నడచినది. కర్త 1973లో గతించినను కథ మఱి ముప్పదియైదేండ్లకు పైగా బ్రదికినది.

ఈ సబ్బు నాటకము దక్షిణ అమెరికాకు పోయి వేఱొక గుణమును చూపినది. 1969లో పెరూ దేశమున ‘సింప్లెమెంతె మరియా’ అను ధారావాహిక మొదలైనది. పల్లెనుండి పట్టణమునకు వచ్చి, పనిమనిషిగ నుండి, కుట్టుపని నేర్చి పైకి వచ్చిన ఒక పిల్ల కథ అది. దానిని చూచిన పనిపిల్లలు కుట్టుపని తరగతులలో చేరిరి; కుట్టుమిషనుల అమ్మకము పెరిగినది. వారికి ఎవ్వరును ఉపన్యాస మియ్యలేదు. మెక్సికోలో మిగ్యెల్ సబీదో అను నాటకప్రయోక్త దీనిని గమనించి, ఒక పద్ధతిగ కూర్చెను. కథలో మంచిత్రోవ త్రొక్కువాడొకడు, చెడుత్రోవ త్రొక్కువాడొకడు, రెంటి నడుమ ఊగులాడువాడొకడు ఉండవలెను. మంచివానికి ఫలము, చెడ్డవానికి శిక్ష కనబడవలెను. ఊగులాడువాడు తుదకు మంచిత్రోవ పట్టవలెను. 1975లో వయోజనుల చదువునకై, 1977లో కుటుంబనియంత్రణమునకై అతడు ధారావాహికలు నడపెను. మన సమాచార ప్రసారశాఖ మంత్రిగ నుండిన వసంత్ సాఠేగారు 1982లో మెక్సికో వెళ్లి ఈ పద్ధతిని చూచి వచ్చిరి.

ఆనాటికి మన టెలివిజను ఎట్టిస్థితిలో నుండెను? 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు అమెరికా ఉపగ్రహము సాయమున ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆ ఆఱింటిలో ఆంధ్రప్రదేశ మొకటి. ఊరుమ్మడి పెట్టె యెదుట కూర్చుండి మన రైతులు సేద్యమును, ఆరోగ్యమును గూర్చి విన్నారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమము మొదలైనది. ఆ సంవత్సరముననే ఢిల్లీలో ఏషియన్ క్రీడలతోపాటు రంగుల ప్రసారము వచ్చినది. 1984లో దేశమంతట క్రొత్త ట్రాన్స్‌మిటర్లు వరుసగ లేచినవి. చూపుటకు యంత్రము సిద్ధమైనది. చూచుటకు మాత్రము పాఠము, ఉపన్యాసము, వార్త, సినిమాపాట తప్ప హెచ్చుగ లేవు. అప్పటి ప్రభుత్వపు వాక్యమునకు కర్త ఎప్పుడును ‘మేము’. వినువాడు ఎప్పుడును ‘మీరు’. మేము చెప్పుచున్నాము, మీరు వినుడు. మీరు ఎరువు వేయుడు, మీరు సంతానమును తగ్గించుకొనుడు!

ఇట్టి సమయమున ప్రసారశాఖ కార్యదర్శిగ నుండిన ఎస్. ఎస్. గిల్ గారు ధారావాహిక రచనకై జోషీగారిని పిలిచిరి. పి. కుమార్ వాసుదేవ్ దర్శకులైరి. కోరిక స్పష్టము: కుటుంబనియంత్రణమును బోధించు కథ కావలెను. జోషీగారు ఒక దిగువ మధ్యతరగతి కుటుంబమును కల్పించిరి. తండ్రి బసేసర్ రాము త్రాగుబోతు. తల్లి భాగవంతి నోరెత్తక చాకిరిచేయు ఇల్లాలు. పెద్దకొడుకు లల్లూకు ఉద్యోగము లేదు. చిన్నకొడుకు నన్హేకు క్రికెట్టు పిచ్చి. పెద్దకూతురు బడ్కీ పెండ్లీడు దాటుచున్న పిల్ల. నడిమిది మఝ్‌లీ సినిమా మోజున చెడినది. కడగొట్టుది ఛుట్కీ డాక్టరు కావలెనని తపించునది. వీరికి తోడు తాత, మామ్మ. ఇట్టి యిల్లు మన వీధిలో లేదని చెప్పగలవా రెవరు?

ఐనను తొలి పదుమూడు భాగములు ప్రజలకు రుచింపలేదు. కథ నడుచుటకు మాఱుగ బోధ నడచినది. పాత్రలు నోరు తెఱచినపుడెల్ల శాఖవారి కరపత్రము వినబడినది. చూచువారికి విసుగు పుట్టినది. ఈ ఘట్టమున జోషీగారి జీవితములోని ముఖ్యమైన నిర్ణయము కలదని మా యభిప్రాయము. కుటుంబనియంత్రణపు బోధను పలుచన చేసి, కథను కుటుంబము వైపునకు మరలించిరి. వరకట్నము, త్రాగుడు, ఆడుపిల్ల చదువు, ఉద్యోగములేమి, ముసలివారి ఒంటరితనము — ఇవి యొకదాని వెంట నొకటి, ఇంటిలో కష్టములు వచ్చు క్రమముననే, కథలోనికి వచ్చినవి. పిమ్మట దేశము ఆ పెట్టె యెదుటినుండి కదలలేదు. ఇంటికొక పెట్టె లేని కాలమది. పెట్టె యున్న యింటికి వీధి వీధియంతయు చేరెడిది.

పదునేడు మాసములలో దూరదర్శన్‌కు సుమారు నాలుగు లక్షల ఉత్తరములు వచ్చినవని ఆ నాటకమును పరిశోధించిన పండితులు లెక్కించిరి. ఆ ఉత్తరములలో నటులను పొగడినవి మాత్రమే కాక, పాత్రలకు హితవు చెప్పినవి సయితము కలవు. బడ్కీ తన వివాహమును గూర్చి డోలాయమానముగ నున్నప్పుడు, సందేహింపక ఆ డాక్టరును పెండ్లాడుమని ఆమెకు వ్రాసినవారు ఎందఱో. ఇది అమాయకత్వమని నవ్వుట సులభము. కాని యోచింపుడు. అంతవఱకు ప్రభుత్వపు టెలివిజనుకు ఎవ్వడైనను తన యింటి సంగతి విప్పి వ్రాసెనా? ‘మీరు’ అని పిలిచినపుడు పలుకని ప్రజ, ‘మనము’ అని పిలిచినపుడు కలము పట్టినది.

ఈ ‘మనము’లో నొక చిక్కు కూడ కలదు. దానిని దాచుట ధర్మము కాదు. నోరెత్తక సమస్తమును సహించు భాగవంతి పాత్ర స్త్రీలకు హెచ్చరికగ నిలువవలెనని శాఖవారి ఉద్దేశము. ఇట్లుండరాదు సుమా అని చెప్పుటకే ఆమెను నిలిపిరి. తీరా పరిశోధకులు ప్రేక్షకులను అడిగి చూడగా, అనేకులు ఆమెనే ఆదర్శగృహిణిగ ఎంచుకొనిరని తేలినది! మెక్సికోలో గీచిన గీతలు మన యింటి గడపలో చెఱిగిపోయినవి. దీనికి రచయితను తప్పుపట్టుదమా? మేము పట్టము. ఆమెను బొమ్మగ చేసియుండినచో ఉద్దేశము నెఱవేఱి యుండును, కథ చచ్చియుండును. ఆమెను మనిషిగ చేసినందుననే ప్రతి యింటివారు అందు తమ తల్లిని చూచుకొనిరి. తల్లిని చూచి ‘నీవు తప్పు’ అనుట ఎవరికి సాధ్యము? కథ బోధకంటె బలవంతమైనది. బలవంతమైన దానిని ఆజ్ఞకు లోబఱచుటయు అంత కష్టము. ప్రభుత్వములు, సంస్కర్తలు, పత్రికలు — మమ్మునుగూడ చేర్చి — ఈ పాఠమును నేర్వవలెను.

అశోక్ కుమార్ వచ్చి పలుకు చివరి మాటలను విదేశీయులు క్రొత్తపద్ధతిగ వర్ణించిరి. మనకది క్రొత్త కాదు. హరిదాసు కథను నిలిపి, చిడతలు ఆపి, సభవైపు తిరిగి నాలుగు లోకోక్తులు చెప్పి, నవ్వించి, మరల కథలోనికి పోవుట మన రామమందిరపు పందిళ్లలో నిత్యము చూచినదే. బుఱ్ఱకథలో ప్రక్కనున్నవా డొకడు హాస్యమును, ఇంకొకడు రాజకీయమును అందించుచుండును. బోధను కథనుండి విడదీసి, చెప్పదగిన పెద్దవాని నోట పెట్టినందున పాత్రలు బోధబరువునుండి విముక్తులైనవి. ‘అఛూత్ కన్య’ మొదలు దేశమెఱిగిన ముఖము అది. ఆ ముఖము మందలించినను పెద్దవాడు మందలించినట్లే యుండెను.

ఇక తెలుగువాని సందేహము మిగిలియున్నది. నాటకము హిందీ. హైదరాబాదువంటి నగరమున హిందుస్తానీ పరిచయ ముండుటచే చిక్కు లేదు. కాని మన తీరపు జిల్లాలలోను, పల్లెలలోను ఆ సంభాషణము అర్థమగుట కష్టము. దక్షిణదేశమున దానికి ఉత్తరాదియం దున్నంత ఆదరము లేకపోయినది. జాతీయ కార్యక్రమము అను పేరున ఒక్క భాషలోని కథను దేశమంతటికి చూపినపుడు, ఆ ‘హమ్’ మనకు ‘మేము’గనే వినబడుట న్యాయమే. ఈ యాక్షేపణమును మేము వెనుకకు తీసికొనము. ఐనను జోషీగారి హిందీ ప్రభుత్వపు వార్తల హిందీ కాదని యొప్పుకొనవలెను. శాఖవారి సంస్కృతభూయిష్ఠమైన భాషను విడిచి, వంటయింటిలో, పంచలో పలుకు భాషను పాత్రల నోట పెట్టిరి. గిడుగువారి పోరాటము నెఱిగిన తెలుగువారికి దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. గ్రాంథికమున వ్రాయు మేము సయితము ఈ సత్యమునకు తల యొగ్గుచున్నాము. తెలుగు ఇల్లాలి కథ తెలుగు వంటయింటి భాషలోనే చెప్పవలెనన్న పాఠమును హిందీనుండియైనను నేర్వవచ్చును.

1986లో ‘బునియాద్’ వచ్చినది. ‘షోలే’ తీసిన రమేశ్ సిప్పీ దీనికి దర్శకత్వము వహించిరి. జ్యోతి సరూప్ తోడుపడిరి. బునియాద్ అనగా పునాది. లాహోరు నగరమందలి ఒక కుటుంబము, స్వాతంత్ర్యోద్యమమున దిగిన మాస్టరు హవేలీరాము, అతని భార్య లాజో — వీరి మూడు తరముల కథ. 1947లో దేశము చీలినపుడు వారు సర్వస్వమును విడిచి ఢిల్లీకి శరణార్థులై వత్తురు. జోషీగారు పంజాబీ కారు; ఆ పరాయి గాయమును తమదిగ చేసికొని వ్రాసిరి. స్వరాజ్యము వచ్చిన ముప్పదితొమ్మిదేండ్లకు, దేశవిభజనమును నెలల తరబడి ఇంటింట కూర్చుండబెట్టి చూపుట సామాన్యకార్యము కాదు. చరిత్రగ్రంథములలో అది సంఖ్యలుగ నుండెను. నాయకుల జీవితములలో అది చర్చలుగ నుండెను. ఈ నాటకమున అది తాళము వేసి వచ్చిన యిల్లుగ, త్రోవలో తప్పిపోయిన బిడ్డగ కనబడినది. పంజాబునకు, వంగదేశమునకు దూరముగ నున్న మన జిల్లాలలో విభజనము వార్తాపత్రికలో చదివిన వార్త. హిందీ తెలిసిన తెలుగువాడు ఈ నాటకమును చూచి, ఆ వార్త యొక మానవుని గృహమని గ్రహించెను. ఇచ్చట ‘మేము’ నిజముగ ‘మనము’ అయినది. చాల యేండ్లకు, 2000లో కమల్ హాసన్ ‘హే రామ్’ చిత్రము తీసినపుడు హిందీ సంభాషణలలో జోషీగారి చేయి కలదు. అదియు విభజనపు రక్తమును గూర్చిన కథయే.

అటుపిమ్మట వారి కలము హాస్యమువైపు తిరిగినది. 1988లో ‘కక్కాజీ కహిన్’ అను ధారావాహికలో ఓంపురీ కిళ్లీ నములుచు, దళారీతనముచే బ్రదుకు రాజకీయనాయకుడుగ కనబడెను. జోషీగారు పత్రికలో వ్రాసిన ‘నేతాజీ కహిన్’ వ్యంగ్యరచనయే దీనికి మూలము. ప్రభుత్వపు టెలివిజనుననే నాయకుని నవ్వులపాలు చేయుట కొంత సాహసమే. ‘ముంగేరీలాల్ కే హసీన్ సప్నే’లో పగటికలలు కను గుమాస్తాను సృష్టించిరి. 1992లో ‘హమ్‌రాహీ’లో మరల స్త్రీల దుఃస్థితికి వచ్చిరి. తాము నేర్చిన విద్యను దాచుకొనక, చిత్రకథారచనమును గూర్చి హిందీలో ఒక పాఠ్యగ్రంథమును సయితము వ్రాసిరి.

ఇంత చెప్పి, ఇంకొక సంగతిని విడిచినచో మా విచారము ఒంటికన్నుది యగును. ‘హమ్ లోగ్’ ప్రభుత్వపు బోధకై పుట్టినను, దానికి ధనము పెట్టినది మ్యాగీ నూడుల్స్ వ్యాపారి. మన టెలివిజనున ప్రకటనకర్త ప్రాయోజకుడుగ నిలిచిన తొలి ధారావాహిక ఇదియే. రెండు నిమిషముల వంటకము దానితోపాటు దేశమంతట పరిచితమైనది. దంపతులకు నియంత్రణపు బోధ ఎంత యెక్కినదో పండితులు ఇంకను తర్కించుచున్నారు. నూడుల్స్ ఎక్కినవని తర్కింప నక్కఱలేదు! అమెరికాలో సబ్బు చేసిన పనియే ఇచ్చట నూడుల్స్ చేసినది. సంఘసంస్కరణమునకై తెఱచిన తలుపున వాణిజ్యము లోపలికి వచ్చినది. వచ్చినది మరల వెలుపలికి పోలేదు.

1990 తరువాత కేబులు వచ్చినది, ప్రైవేటు చానళ్లు వచ్చినవి. 1995లో తెలుగున ఈటీవీ, జెమినీ మొదలైనవి. 2000 జులైలో ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ ఆరంభమై ధారావాహికకు వేఱొక రూపమిచ్చినది. బసేసర్ రాము ఇఱుకు గదుల స్థానమున పాలరాతి మేడలు లేచినవి. అద్దె చెల్లింపు, ఉద్యోగపు దరఖాస్తు, ఆసుపత్రి ఖర్చు తెఱమీదినుండి తొలగి, వంటయింటికి సయితము పట్టుచీరతో పోవు కోడండ్రు వచ్చిరి. తెలుగున ‘ఋతురాగాలు’ వంటివి నమ్మదగిన కుటుంబములను చూపినను, ప్రవాహము మొత్తముమీద మేడలవైపునకే మరలినది. జోషీగారి నాటకములకు ఆదియు అంతమును కలవు. ఆదాయ మున్నంతకాలము కథను సాగదీయు అలవాటు వచ్చిన పిమ్మట ధారావాహికకు అంతము లేకపోయినది. అంతము లేని కథకు అర్థము నిలుచుట కష్టము.

జోషీగారు మాత్రము తుదివఱకు నవలాకారులుగనే మిగిలిరి. కుమావూ సీమను ఆధారముగ చేసికొని వ్రాసిన ‘క్యాప్’ నవలకు 2005వ సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అది లభించిన కొలదికాలమునకే, డెబ్బదిరెండేండ్ల వయస్సున, కన్నుమూసిరి. వారి సాహిత్యమును ఒక బీరువాలోను, టెలివిజను రచనను వేఱొక బీరువాలోను పెట్టి తాళము వేయుట మాకు సమ్మతము కాదు. నవల వ్రాసిన చేతితోనే వారు భాగవంతిని వ్రాసిరి. నవలను కొన్నివేలమంది చదివి యుందురు; భాగవంతిని చూచి కోట్లమంది తమ తల్లిని తలచుకొనిరి. ఈ రెంటిలో ఏది అల్పము?

మన తెలుగు రచయితలలో టెలివిజను రచన యనగానే ముఖము చిట్లించువారు కలరు. అది కూలిపని యనియు, సాహిత్యము కాదనియు వారి భావము. పెద్దలు తప్పుకొన్న స్థలము ఖాళీగ నుండదు. లెక్కలవాడు వచ్చి కూర్చుండును. జోషీగారు సుమారు ఏబదేండ్ల వయస్సున, సంపాదకపదవియు పేరును గడించియు, ఆ పనిని చిన్నదిగ నెంచలేదు. ప్రభువుల ఆజ్ఞ నెదుర్కొన్నారు, ప్రకటనకర్త ధనమును సహించిరి, ప్రేక్షకుని ఉత్తరమును చదివిరి. మువ్వురి నడుమను కథను కాపాడుకొనిరి. సంపూర్ణముగ కాపాడిరని మేము చెప్పము. కాపాడవలసినది కథయే యని వారు మఱువలేదనుట మాత్రము సత్యము.

పాఠకులకును ఒక మాట. ఆ నాలుగు లక్షల ఉత్తరములు వ్రాసినవారు పండితులు కారు. గృహస్థులు, గృహిణులు, విద్యార్థులు. వారు వ్రాసినందున కథ మాఱినది. నేడు మన యిండ్లలో ధారావాహికను చూచి విసుగుకొనువారు వేలు. విసుగును కాగితముమీద పెట్టి పంపువారు ఎందఱు? కాలువకు గండిపడినపుడు ‘మన కాలువ’ అని పార పట్టినవాడే రైతు. గట్టుమీద నిలిచి ‘వారి కాలువ’ అని తిట్టినవానికి నీరు రాదు. సాయంకాలము మన నట్టింట పాఱుచున్న ఈ కథాప్రవాహము మనదా, వారిదా? జోషీగారి నాటకము పేరును తెలుగు చేయవలసినపుడు, ‘మేము’ అని గాక ‘మనము’ అని చేయుదుము. ఆ అనువాదమును నిజము చేయుట తెలుగు రచయితల చేతిలోను, తెలుగు గృహస్థుల చేతిలోను కలదు.